మడత చాకు పిడి: పాత గరుకును, కొత్త గరుకును పోల్చి చూసే పద్ధతి

మడత చాకు కొనేవారిలో చాలామంది ముందు బ్లేడును చూస్తారు, తరువాత వాదర మీద బొటనవేలు ఆనించి పదును చూస్తారు, పిడిని మాత్రం రంగు నచ్చితే చాలుననుకొని వదిలేస్తారు. చాకు చేతిలో నిలవడమైనా, జారి వేలు తెగడమైనా చాలావరకు ఆ పిడి మీదే ఆధారపడి ఉంటుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం అరచేయి పొడిగా ఉండడమన్నది దాదాపు జరగదు. గుంటూరు మిర్చి యార్డులో గోతాలు కోసేవారి చేతికి చెమటతోపాటు కారపు దుమ్ము కూడా అంటి ఉంటుంది. అందుచేత చలి దేశాలలో పొడి చేతులతో చేసిన పోలికలను నమ్ముకోకుండా, ఇక్కడి చేతితో ఇక్కడే చూసుకోవడం మంచిది.

ఇంచుమించు ఒకే పొడవున్న రెండు చాకులను, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ, తీసుకోండి. పాతదాన్ని ముందు శుభ్రం చేయాలి. లేకపోతే మీరు చూసేది పిడి గరుకును కాదు, గాళ్లలో ఏళ్ల తరబడి పేరుకున్న మట్టిని. మెత్తని టూత్‌బ్రష్‌తో, చుక్క సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో తోమి వెంటనే గుడ్డతో తుడవండి. ఎముక పిడిని, చెక్క పిడిని నీళ్లలో నానబెట్టకూడదు. ఇక్కడ చెప్పే పరీక్షలలో చాకు మూసే ఉండాలి. తెరవక తప్పనిచోట వాదర మీద రెండు పొరలు కాగితపు టేపు అంటించండి.

మొదట పెన్సిలు, పలుచని కాగితం చాలు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దినట్లే, పిడి రెండు పక్కలా కాగితం పరచి పెన్సిలును ఏటవాలుగా పట్టుకొని మెల్లగా రుద్దండి. కంటికి ఒకేలా కనిపించే రెండు పిడుల తేడా కాగితం మీద ఇట్టే బయటపడుతుంది. కొత్త పిడి అచ్చులో గీతలన్నీ ఒకే లోతున, ఒకే ఎడంతో వస్తాయి. పాత ఎముక పిడి అచ్చులో కొన్నిచోట్ల గాళ్లు ముదురుగా, చెయ్యి ఎక్కువగా ఆనినచోట మాసిపోయినట్లు కనిపిస్తాయి. వన్‌టౌన్‌లో పాత సామాన్ల దుకాణంలో నేను కొన్న ఒక చాకు అచ్చు తీసినప్పుడు, లోహపు తొడుగు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఒక నున్నటి మచ్చ కనిపించింది. కుడిచేతివాటం వారి బొటనవేలు ఆనే పక్కన కాక అది రెండో పక్కన ఉంది. దాన్ని వాడినవారిది బహుశా ఎడమచేతివాటం.

ఆ తరువాత గరుకు ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. పాత చాకులలో ఖరీదైన పిడి కణుజు అనే పెద్ద జింక కొమ్ముది. దాని పైపొరలోని సహజమైన గాళ్లే దానికి పట్టునిచ్చేవి. అంత ఖరీదు పెట్టలేనివారి కోసం పశువుల కాలి ఎముకను తీసుకొని, యంత్రంతో గాళ్లు కోసి, రంగు అద్ది ఆ కొమ్మును అనుకరించారు. దీనినే జిగ్గింగ్ అంటారు. ఆ ఎముకను అనుకరిస్తూ తరువాత డెల్రిన్ అనే ప్లాస్టిక్ వచ్చింది. నగల పనివారు వాడే పదిరెట్ల భూతద్దంతో చూస్తే ఎముకలో సన్నని నల్ల చుక్కలు, పొడుగు గీతలు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు రక్తం పారిన దారులు. డెల్రిన్‌లో అవేమీ ఉండవు, గాళ్ల అంచులు కాస్త కరిగి చల్లారినట్లు గుండ్రంగా ఉంటాయి. కణుజు కొమ్ము విషయంలో ఒక జాగ్రత్త అవసరం: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి ఈ జంతువు వస్తుంది కనుక, అటువంటి పిడి ఉందని ఎవరైనా అమ్మజూపితే దాని జోలికి పోకండి.

కొత్త పిడులలో గరుకు పదార్థంతో పుట్టదు, కొలత ప్రకారం తెచ్చినది. జీ10 అంటే గాజు నార గుడ్డను ఎపాక్సీ జిగురుతో పొరలుగా ఒత్తి తయారుచేసిన పలక. మైకార్టాలో గాజుకు బదులు నూలు గుడ్డో కాగితమో ఉంటుంది, జిగురు ఫినాలిక్ రకానిది. గాజు నార కలిపిన నైలాన్ పిడులలో గళ్లు అచ్చులోనే వస్తాయి. స్విట్జర్లాండ్ సైన్యం 1961లో తీసుకున్న అల్యూమినియం పిడి మీద చిన్న చిన్న చతురస్రాలు ఒత్తి ఉంటాయి. అదే సైన్యానికి 1891లో అందిన మొదటి చాకుల పిడి నల్లబరచిన ఓక్ చెక్కది.

ఇక పట్టు పరీక్ష. పిడి చివర రింగు గాని రంధ్రం గాని ఉంటే దానికి పురికొస కట్టి, మూసిన చాకును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని ఇంకొకరిని నెమ్మదిగా లాగమనండి. ముందు పొడి చేతితో, తరువాత అర చెంచా ఉప్పు కలిపిన గ్లాసెడు నీళ్లలో వేళ్లు ముంచి, చివరగా రెండు చుక్కల నువ్వుల నూనె రాసుకొని చూడాలి. నూనెతో నున్నని ప్లాస్టిక్ పిడి వెంటనే జారుతుంది. జిగ్గింగ్ చేసిన ఎముక అంత తేలికగా జారదు, ఎందుకంటే తడి గాళ్లలోకి దిగిపోతుంది, చర్మం మాత్రం మిట్టల మీద నిలుస్తుంది. మెరుగు పెట్టని మైకార్టా తడిసినకొద్దీ పట్టు పెంచుకుంటుంది. మెరుగు పెట్టినదానికి ఆ గుణం ఉండదు. అల్యూమినియం చతురస్రాలు కంటికి కనిపించినంత గరుకుగా ఉండవని నా అనుభవం, వాటి తలలు చదునుగా ఉంటాయి.

ఈ పరీక్షలో గరుకైన జీ10 సులభంగా గెలుస్తుంది. అయినా అక్కడితో తీర్పు చెప్పేయకండి. వాదర మీది టేపు తీసేసి, పురికొసను జానెడు ముక్కలుగా నలభై కోసి, చాకు పక్కన పెట్టి అరచేయి చూసుకోండి. మొరటు జీ10 చర్మం మీద ఎర్రని అచ్చు వదులుతుంది, పాత ఎముక వదలదు. తరువాత చాకును మూసి, పాత నూలు లుంగీ ముక్క మీద పిడిని యాభైసార్లు అటూ ఇటూ రుద్దండి. గుడ్డ నూగు లేచిందంటే ఆరు నెలల్లో మీ ప్యాంటు జేబుకూ అదే గతి. పాత చాకు జేబు అడుగున పడి ఉండేది, రెండు చేతులతో తెరిచేవారు, కాబట్టి దాన్ని చేసినవారు గరుకును జేబు గుడ్డకు నష్టం లేనంతవరకే ఉంచారు. 1981లో స్పైడర్కో సంస్థ జేబు అంచుకు తగిలించే క్లిప్పును, ఒంటి చేత్తో తెరిచేందుకు బ్లేడులో రంధ్రాన్ని తెచ్చింది. అటువంటి చాకులకు చేతి పట్టే ముఖ్యమైంది, గుడ్డ రెండో స్థానంలోకి వెళ్లింది. అందువల్ల క్లిప్పు కింది భాగం నున్నగా ఉందో లేదో కొనేముందు వేలు పెట్టి చూసుకోవాలి.

పాత చాకులలో ఒక పదార్థం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెల్యులాయిడ్ పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది. దాన్ని కర్పూరం కలిపే తయారుచేస్తారు. అది పాడవుతున్నప్పుడు వదిలే ఆమ్లపు ఆవిరి చుట్టూ ఉన్న ఉక్కును తినేస్తుంది. ఈ సంగతి తెలియక నేను అటువంటి చాకును మరి మూడింటితో కలిపి రేకు డబ్బాలో మూతపెట్టి ఉంచాను. రెండు వానాకాలాలు గడిచి తీసేసరికి నాలుగింటి బ్లేడులూ తుప్పుతో గుంటలు పడి ఉన్నాయి. దాన్ని విడిగా, గాలి ఆడేచోట ఉంచండి. ప్లాస్టిక్‌ను గుర్తించడానికి కొందరు కాల్చిన సూది గుచ్చి చూస్తారు. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది కనుక ఆ పని ఇంట్లో చేయవద్దు.

ఎండ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. స్కూటరు డిక్కీలో గంటసేపు ఉన్న లోహపు పిడి చురుక్కుమంటుంది, ఎముక, చెక్క, మైకార్టా అంతగా కాలవు.

చెక్క పిడిని మాత్రం ఒక్కసారి చూసి వదిలేయకూడదు. 1890లో జోసెఫ్ ఒపినెల్ ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన చాకులకు ఇప్పటికీ బీచ్ చెక్క పిడి ఉంటుంది. వేసవిలో సులువుగా తెరుచుకున్న అదే చాకు, ఆగస్టు ముసురులో చెక్క ఉబ్బి బ్లేడును బిగబట్టేస్తుంది. అప్పుడు గోటితో లాగి గోరు విరగ్గొట్టుకోకుండా, తాళపు రింగు తెరిచి ఉందని చూసుకొని, పిడి వెనుక కొనను బల్ల మీద ఒక్కసారి కొడితే బ్లేడు కాస్త పైకి వస్తుంది. అందుకే చెక్క పిడికి పెన్సిలు అచ్చు, పట్టు పరీక్ష మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి తీసి, ఆ రెండు కాగితాలనూ తేదీలు వేసి పక్కపక్కన పెట్టుకోవాలి.