కొత్తగా కట్టిన లారీ ఇంజిన్‌ను మొదటిసారి స్టార్టు చేయడానికి ముందు

సిలిండర్లకు బోరు కొట్టించి, క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి కట్టిన ఇంజిన్ షెడ్డులో సిద్ధంగా ఉన్నప్పుడు అందరికీ తొందరగానే ఉంటుంది. బండి నిలిచిపోయిన ప్రతి రోజూ యజమానికి వాయిదా సొమ్ము గుర్తుకు వస్తుంది, మేస్త్రికి తరువాతి పని ఎదురుచూస్తూ ఉంటుంది. అయితే నెల రోజుల కష్టం నిలిచేదీ పోయేదీ చాలావరకు మొదటి స్టార్టు తరువాతి పదిహేను సెకన్లలోనే తేలిపోతుంది కనుక, ఆ పదిహేను సెకన్ల కోసం ఒక పూట పూర్తిగా కేటాయించడం న్యాయం. మన రోడ్ల మీద చాలాకాలంగా తిరుగుతున్న, మెకానికల్ డీజిల్ పంపు ఉన్న 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమ్మిన్స్ బి శ్రేణి ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను. ఇతర ఇంజిన్లకు కొలతలు మారుతాయి కాబట్టి వాటిని ఆ ఇంజిన్ మాన్యువల్‌లోనే చూసుకోవాలి, కానీ పని వరుస మాత్రం దాదాపు ఇదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆయిల్. నడుస్తున్న ఇంజిన్‌లో క్రాంకు బేరింగు మీద ఆనదు, మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతుల మందం ఉన్న ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. కొత్తగా కట్టిన ఇంజిన్‌లో ఆ పొర ఉండదు. కట్టేటప్పుడు పూసిన ఆయిల్, ఇంజిన్ వారం పది రోజులు కదలకుండా ఉంటే, కిందికి జారిపోతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన చాంబరులో ఆయిల్ నిండుగా ఉన్నంత మాత్రాన అది పైకి చేరినట్టు కాదు, ఎందుకంటే ఆయిల్ పంపు దాన్ని పీల్చి, కూలరును, ఫిల్టరును, దారులన్నిటినీ నింపిన తరువాతే బేరింగులకు అందుతుంది.

ఈ పాఠం నాకు ఒక ఇంజిన్ దగ్గర అనుభవంలోకి వచ్చింది. డీజిల్ పంపు రావడం ఆలస్యమై ఆ ఇంజిన్ కట్టిన తరువాత నెలన్నర అలాగే ఉండిపోయింది. పంపు రాగానే బిగించి నేరుగా సెల్ఫ్ కొట్టాము. అది వెంటనే అందుకుంది, కానీ గేజిలో ముల్లు లేవడానికి ఇరవై సెకన్లకు పైగా పట్టింది. కొద్ది రోజులకే ప్రెషరు తగ్గుతోందని బండి తిరిగి వచ్చింది. చాంబరు దించి బేరింగు చిప్పలు తీసి వెలుతురులో పెట్టి చూస్తే, బూడిద రంగులో నున్నగా ఉండవలసిన ముఖం మీద వేలెడు వెడల్పున రాగి రంగు పట్టీ కనిపించింది. పైపూత అరిగిపోయి లోపలి పొర బయటపడిందన్న మాట. అప్పటి నుంచి ఆయిల్ ప్రైమింగ్, అంటే స్టార్టుకు ముందే ఆయిల్‌ను దారులన్నిటిలో నింపడం, చేయకుండా ఏ ఇంజిన్‌కూ తాళం తిప్పలేదు.

ప్రైమింగ్‌కు మేలైన పద్ధతి ప్రెషరు ట్యాంకు. బ్లాకులోని ప్రధాన ఆయిల్ దారికి (మెయిన్ గ్యాలరీకి) ఉన్న ప్లగ్గు తీసి, అక్కడ శుభ్రమైన హోసు బిగించి, ట్యాంకులోని కొత్త ఆయిల్‌ను 2 నుంచి 3 బార్ల ప్రెషరుతో లోపలికి పంపాలి. ఈ పని చేస్తున్నంతసేపు ఒకరు ఫ్లైవీల్ పళ్లకు బారింగ్ టూల్ (ఇంజిన్‌ను చేత్తో తిప్పే పనిముట్టు) తగిలించి క్రాంకును నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, అప్పుడే రంధ్రాలు ఎదురెదురుగా వచ్చి ప్రతి బేరింగుకూ ఆయిల్ చేరుతుంది. ఈ ఇంజిన్‌కు వాల్వులను నొక్కే రాకర్ల పైన కవర్లు సిలిండరుకు ఒకటి చొప్పున ఆరు ఉంటాయి. వాటిని తీసి పెట్టి చూస్తే మొదట గాలి బుడగలతో, ఆ తరువాత తేనెలా నిలకడగా, రాకర్ల దగ్గర ఆయిల్ ఊరడం కనిపిస్తుంది. ఆరింటి దగ్గరా ఊరిన తరువాతే ట్యాంకు ఆపాలి. ఇలా లోపలికి వెళ్లిన ఆయిల్ కూడా చాంబరులోకే చేరుతుంది కనుక డిప్‌స్టిక్ చూసి మట్టం సరిచేయాలి. మట్టం పై గీతను దాటితే క్రాంకు ఆయిల్‌ను చిలుకుతుంది, నురుగు కడుతుంది. ట్యాంకు దొరకని చోట కొత్త ఆయిల్ ఫిల్టరును ఆయిల్‌తో నింపి బిగించి, డీజిల్ పంపు స్టాప్ లివరును డీజిల్ ఆపివేసే వైపుకు లాగి కట్టేసి, సెల్ఫ్‌తోనే తిప్పి ప్రెషరు తేవచ్చు. సెల్ఫ్‌ను ఒక్కసారికి 30 సెకన్లకు మించి తిప్పకూడదు, మళ్లీ తిప్పే ముందు కనీసం 2 నిమిషాలు చల్లారనివ్వాలి.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బోను విడిగా చూడాలి. దాని షాఫ్టు పూర్తి వేగంలో నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది, దానికి ఆయిల్ అందేది చివరగా. దానికి పైనుంచి ఆయిల్ తెచ్చే పైపు విప్పి 50 నుంచి 60 మిల్లీలీటర్ల శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి, కంప్రెసర్ చక్రాన్ని వేళ్లతో తిప్పుతూ లోపలంతా తడిసేలా చేసి, పైపు తిరిగి బిగించాలి.

సెల్ఫ్‌ను మొదటిసారి తిప్పే ముందు, సెల్ఫ్‌తోనే ప్రైమింగ్ చేసేటట్లయితే దానికన్నా ముందే, ఒక తనిఖీని ఎంత తొందరలోనూ వదలకూడదు. ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఫోర్ స్ట్రోకు ఇంజిన్‌లో రెండు చుట్లకే అన్ని సిలిండర్లూ తమ వంతు పూర్తి చేస్తాయి. కంప్రెషన్ దగ్గర బరువెక్కి మళ్లీ వదలడం సహజం, కానీ ఇనుము ఇనుముకు తగిలినట్టు ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం బలం ఉపయోగించకూడదు. సిలిండరులో నీళ్లో డీజిలో నిలిచి ఉండవచ్చు, లేదా టైమింగ్ తప్పి వాల్వు పిస్టనుకు తగులుతూ ఉండవచ్చు. సెల్ఫ్ మోటారుకు ఈ తేడా తెలియదు, కనెక్టింగ్ రాడ్డును వంచివేస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్న ఈ సమయంలోనే ట్యాపెట్లు, అంటే రాకరుకు వాల్వుకు మధ్య సందు, కూడా మరొకసారి సరిచూడాలి. ఇన్లెట్‌కు 0.25, ఎగ్జాస్టుకు 0.51 మిల్లీమీటర్లు. సిలిండర్లు మండే (ఫైరింగ్) వరుస 1-5-3-6-2-4.

రేడియేటరులో బోరు నీళ్లు పోయవద్దు. మన ప్రాంతంలో చాలా చోట్ల బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ, అవి వేడికి గట్టి పొరగా కట్టి సిలిండరు గోడ వేడిని బయటకు పోనివ్వవు. కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో సగానికి సగం కలిపి, గాలి బయటకు పోయే మరలు వదులు చేసి, నెమ్మదిగా నింపాలి. థర్మోస్టాటు 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలయ్యాక మట్టం మళ్లీ పడిపోతుంది కనుక, ఇంజిన్ చల్లారిన తరువాత మరొకసారి పోయవలసి ఉంటుంది.

ఇక డీజిల్. డబ్బాలోని డీజిల్‌ను ఫిల్టరులో పోసి బిగించడం చాలామందికి అలవాటు, కానీ అలా పోసినది వడపోత లేకుండా నేరుగా పంపులోకి పోవచ్చు. ఖాళీ ఫిల్టరునే బిగించి చేతి పంపుతో నింపడం ఆలస్యమైనా సురక్షితం. ఫిల్టరు పైన గాలి తీసే మర వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ తీగలా వచ్చేదాకా కొట్టి, మర బిగించాలి. ఆ తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర పైపు నట్లను ఒకటి రెండు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే అక్కడి గాలీ పోతుంది. డీజిల్ చిమ్ముతున్న చోట చెయ్యి పెట్టకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం అది. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషరుతో డీజిల్ అందే కామన్ రైలు ఇంజిన్లకు ఈ పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు. 1,600 బార్లు, అంతకు మించిన ప్రెషరు ఉండే ఆ పైపులను ఇంజిన్ తిరుగుతుండగా ముట్టుకోనే కూడదు, చేతి పంపుతో ఫిల్టరు నింపి మిగతాది ఇంజిన్‌కే వదలాలి.

బ్యాటరీలు రెండూ నిండుగా ఛార్జి అయి ఉండాలి, ఎర్త్ కేబులు ఛాసిస్‌కు, ఇంజిన్‌కు గట్టిగా బిగిసి ఉండాలి.

డీజిల్ పంపు పని చేయించి ఉంటే స్టాప్ లివరు తేలికగా కదులుతోందో లేదో చూడాలి. పంపులో డీజిల్ మోతాదును మార్చే ర్యాకు ఇరుక్కున్నా, టర్బో నుంచి ఆయిల్ ఇన్లెట్‌లోకి కారినా, ఇంజిన్ ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. ఆయిల్ మీద పరుగెత్తే ఇంజిన్ డీజిల్ ఆపినా ఆగదు, గాలి ఆపితేనే ఆగుతుంది. అందుకని ఎయిర్ పైపు మూతిని పూర్తిగా మూసేటంత మందపు రేకునో చెక్కనో పట్టుకొని ఒకరు పక్కన నిలబడాలి. దాన్ని చేత్తోనో గుడ్డతోనో మూసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, ఎక్కడి షెడ్డులోనైనా కొత్త ఇంజిన్‌కు కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వడం మనకు ఆనవాయితీ, అది ఉండవలసిందే. అయితే గాలి తీసిన చోట కారిన డీజిల్‌ను తుడిచివేసిన తరువాతే కర్పూరం వెలిగించాలి. ముహూర్తం పెట్టుకున్నవారు పైన చెప్పిన పనులన్నీ ముందు రోజు సాయంత్రానికే ముగించుకోవాలి.

స్టాప్ లివరు వదిలి, యాక్సిలరేటరు తొక్కకుండా స్టార్టు చేయాలి. అందుకోగానే కళ్లు ఆయిల్ గేజి మీదే ఉండాలి. 15 సెకన్లలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపి కారణం వెతకాలి. ఐడిలింగ్‌లో 0.7 బారుకు, పూర్తి వేగంలో 2 బార్లకు తగ్గకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాలు వెయ్యి ఆర్‌పీఎం దగ్గర ఉంచి, కారడాలు, శబ్దాలు, పొగ గమనించి, ఒకసారి ఆపి అన్ని మట్టాలూ చూడాలి.

కొత్త ఇంజిన్ కదా అని గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉంచడం మన దగ్గర బాగా పాతుకుపోయిన పొరపాటు. రింగులు బోరుకు ఒదగాలంటే వాటి వెనుక మంట ప్రెషరు ఉండాలి, అది లోడు మీదనే వస్తుంది. ఖాళీగా తిరిగితే బోరు గోడ మీద ఆయిల్ నిలవడానికి గీసిన సన్నని హోనింగ్ గీతల మీద అద్దంలాంటి పూత కట్టి, ఆ ఇంజిన్ చివరిదాకా ఆయిల్ తాగుతూనే ఉంటుంది. కాబట్టి వేడెక్కిన వెంటనే బండిని రోడ్డెక్కించి, మధ్యస్థమైన లోడుతో, వేగం మారుస్తూ నడపాలి, పూర్తి బరువుతో ఎత్తు ఎక్కించడం కొన్నాళ్లు ఆగాలి. మొదటి ఆయిల్ మార్పు త్వరగా చేయించి, తీసిన ఫిల్టరును కోసి లోపలి కాగితం మడతలను తెల్లని గుడ్డ మీద పరచి చూడండి. సన్నని బూడిద రంగు పొడి కొద్దిగా ఉంటే అది రింగులు ఒదిగిన గుర్తు. మెరిసే పొరలో, రాగి రంగు రేణువులో కనిపిస్తే ఆ రోజే చాంబరు దించాలి.