కేఓహెచ్‌లో ఫంగస్ ఉంది, ప్లేట్ మాత్రం ఖాళీ: ఎక్కడ తప్పింది?

ఊపిరితిత్తి బయాప్సీ ముక్క. కేఓహెచ్ మౌంట్‌లో (పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) వెడల్పాటి హైఫేలు, అంటే ఫంగస్ పోగులు, రిబ్బన్‌లా మడతపడి, అడ్డుగోడలు దాదాపు లేకుండా స్పష్టంగా ఉన్నాయి. చూడగానే మ్యూకర్ (బ్లాక్ ఫంగస్ గుంపు) అనిపిస్తుంది. ఆ గుంపులోని రైజోపస్ లాంటిదైతే రెండు మూడు రోజుల్లో కల్చర్ ప్లేట్ (ఫంగస్‌ను పెంచే పళ్లెం) నిండాలి. వారమైనా ఏమీ లేదు.

ముందు డబ్బా చూడండి

లేబుల్ చదివి వార్డుకు ఒక్క ఫోన్ చేయండి. ఫార్మలిన్‌లో పంపారా? రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టారా? ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ ముందే మొదలైందా? రెండు నిమిషాల పని ఇది, అయినా చాలామంది వదిలేసి కొత్త మీడియా (ప్లేట్‌లో ఫంగస్‌కు పెట్టే ఆహారం) కలుపుకుంటూ కూర్చుంటారు. ఫార్మలిన్ అయితే ఆ ముక్క కల్చర్‌కు పనికిరాదు. సెలైన్‌లో కొత్త ముక్క అడగండి. ప్లేట్‌లో కొన్ని ఫంగస్‌లను పెరగనివ్వని సైక్లోహెక్సిమైడ్ ఉందేమో కూడా చూడండి. గోళ్లు, చర్మం శాంపిళ్లకు చేసిన ప్లేట్ల మీద మ్యూకర్ రాదు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే: ముక్కను నూరారా?

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇదే. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు వరసగా వస్తున్నప్పుడు ఒక ముక్కను బ్యాక్టీరియా, టీబీ, ఫంగస్ కల్చర్లన్నిటికీ కలిపి గ్రైండర్‌లో నూరేశాం. ప్లేట్లు ఖాళీగానే ఉండిపోయాయి. అదే రోగి రెండో ముక్కను బ్లేడుతో కోసి వేస్తే మూడో రోజు పొద్దునకి తెల్లటి దూది మూతను తాకుతోంది.

చెరకు గడ ఒకచోట విరిగినా మిగతా కణుపులు బాగానే ఉంటాయి. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అలాంటిది, మధ్యమధ్య గోడలుంటాయి. మ్యూకర్ బొప్పాయి కాడలాంటిది, లోపలంతా ఒకే గొట్టం. నలిగితే లోపలిది కారిపోయి ఆ పోగు చచ్చిపోతుంది. కేఓహెచ్‌లో చచ్చిన పోగు కూడా కనిపిస్తుంది, అందుకే మనకు అనుమానం రాదు.

చేయాల్సింది: స్టెరైల్ ప్లేట్‌లో బ్లేడుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోయండి. వాటిని అగార్‌లోకి (ప్లేట్‌లోని జెల్లీ) కొద్దిగా దిగేలా నొక్కండి. ఒక ప్లేట్ 37 డిగ్రీల్లో, ఒకటి 25 నుంచి 30 మధ్య పెట్టండి. హిస్టోప్లాస్మా అనే ఇంకో ఫంగస్ అనుమానం కూడా ఉంటే దానికి నూరడమే మేలు, ఎందుకంటే అది కణాల లోపల దాక్కుంటుంది. కాబట్టి ముక్క రాగానే రెండు భాగాలు చేసి, ఒకటి నూరండి, ఒకటి కోయండి. తర్వాత గుర్తొస్తే లాభం లేదు.

మిగతావి

మీడియా బ్యాచ్ చెడిపోవడం అరుదు, బాగా పెరుగుతుందని తెలిసిన ఫంగస్ స్ట్రెయిన్ ఒకటి వేస్తే తేలిపోతుంది. పెరిగినా స్పోర్లు (ఫంగస్ విత్తనాల్లాంటివి) రాకపోతే మ్యూకర్ గుంపులోనే అపోఫిసోమైసెస్ లేదా సాక్సీనియా కావచ్చు, పోషకాలు దాదాపు లేని వాటర్ అగార్‌కు మార్చండి. న్యూమోసిస్టిస్ అనే ఊపిరితిత్తి ఫంగస్ మామూలు ప్లేట్ల మీద పెరగదు, దానికి స్టెయిన్ (రంగు వేసి చూడటం), పీసీఆర్ (జన్యు పరీక్ష) చూడాల్సిందే.

ప్లేట్ ఖాళీ అయినంత మాత్రాన జబ్బు లేదని రాయకండి. కేఓహెచ్‌లో హైఫేలు కనిపించిన రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి, కల్చర్ వచ్చేదాకా ఆ రోగి ఆగలేడు.