లినక్స్ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ సాఫ్ట్‌వేర్ క్రాష్ అవుతుంటే అసలు కారణం పట్టుకోవడం ఎలా?

నల్లగొండ, పాలమూరు పిల్లలు చాలామంది ఇప్పుడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చుకొని లినక్స్ వేసుకుంటున్నారు. మంచి పని. కానీ కరెంటు పోయినప్పుడో, చార్జర్ పీకినప్పుడో బ్యాటరీ గుర్తు స్క్రీన్ మీంచి మాయమైతే అందరూ చేసేది ఒకటే, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయడం, లేదంటే మొత్తం సిస్టమ్‌కు అప్‌డేట్ కొట్టడం. దయచేసి ఆ రెండూ చేయకండి. క్రాష్ అయినప్పుడు మిగిలే కోర్ డంప్, అంటే ఆ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ కాపీ, సరిగ్గా ఆ వెర్షన్ ప్రోగ్రామ్‌తోనే చదవాలి, అప్‌డేట్ అయ్యాక అది జత కుదరదు.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. జీడీబీ (ప్రోగ్రామ్ లోపలికి చూసే డీబగ్గర్), సిస్టమ్‌డీ కోర్‌డంప్ ప్యాకేజీ (కోర్ డంప్‌లను దాచిపెట్టేది), ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్. ఒక నోట్‌బుక్, పెన్ను కూడా పెట్టుకోవాలి. బ్యాటరీ సగం పైన చార్జ్ ఉండాలి, చేస్తున్న పనులన్నీ సేవ్ చేసి ఉండాలి. ఎందుకో కింద చెప్తాను.

ముందు పడిపోయింది ఏదో తేల్చుకోండి. యూపవర్ బ్యాటరీ లెక్కలు చదివి డెస్క్‌టాప్‌కు చెప్తుంది, అది సీ భాషలో రాసింది. టీఎల్‌పీ పవర్ సెట్టింగులు మారుస్తుంది, అది ఎక్కువగా షెల్ స్క్రిప్ట్, దానికి జీడీబీతో పని లేదు. ప్రాసెసర్ వేగం సర్దే ఆటో సీపీయూఫ్రీక్ పైథాన్, కాబట్టి ట్రేస్‌బ్యాక్ (ఏ లైన్లో పడిపోయిందో చెప్పే వివరం) సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లోనే దొరుకుతుంది. టీఎల్‌పీ, పవర్ మోడ్‌లు మార్చే పవర్ ప్రొఫైల్స్ డీమన్ రెండూ ఒకేసారి నడుస్తుంటే ఒకటి ఆపేయండి, అవి ఒకే సెట్టింగుల కోసం కొట్లాడుకుంటాయి.

తర్వాత జర్నల్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో, ల్యాప్‌టాప్ ఈసారి ఆన్ చేసినప్పటి నుంచి ఆ సర్వీస్ లాగ్ చూడండి. సిగ్నల్ 11 ఉంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుంది. 6 ఉంటే ఏదో తేడా కనిపించి ప్రోగ్రామ్ తనంతట తానే ఆగిపోయింది. 8 ఉంటే లెక్కలో గడబిడ, మామూలుగా పూర్ణాంకాన్ని సున్నాతో భాగించడం. ఇక కోర్‌డంప్‌సీటీఎల్ కమాండ్ ద్వారా జీడీబీ తెరిచి బ్యాక్‌ట్రేస్ తీయండి, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ పడిపోయే చోటికి వచ్చిందో చూపే జాబితా. ఫంక్షన్ పేర్ల బదులు ప్రశ్న గుర్తులు వస్తే డీబగ్ సింబల్స్, అంటే ఫంక్షన్ పేర్లు, లైన్ నంబర్ల సమాచారం, లేనట్టు. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలకు వాటిని ఇచ్చే డీబగ్‌ఇన్ఫోడీ సర్వర్లు ఉన్నాయి, జీడీబీ అడిగినప్పుడు అవును అంటే అదే తెచ్చుకుంటుంది.

కొందరు కోడ్ నిండా ప్రింట్ లైన్లు పెట్టి వెతుకుతారు. ఈ రకం క్రాష్‌కు అది పనికిరాదు. చార్జర్ పీకిన మరుక్షణం జరిగేది ఇది, ప్రింట్ పెడితే ఆ కొద్దిపాటి ఆలస్యానికే క్రాష్ ఆగిపోవచ్చు, బాగైపోయిందని మీరు సంబరపడతారు, వారం తర్వాత మళ్లీ వస్తుంది. బ్యాక్‌ట్రేస్‌తోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటు. బ్యాక్‌ట్రేస్ చూపించేది ప్రోగ్రామ్ పడిపోయిన లైన్, తప్పు పుట్టిన లైన్ అదే కాకపోవచ్చు. సీ లో దశాంశ సంఖ్యలతో సున్నాను సున్నాతో భాగిస్తే క్రాష్ కాదు, సంఖ్యే కాని ఒక విలువ వస్తుంది, అది నాలుగు ఫంక్షన్లు దాటాక ఇంకెక్కడో కూల్చవచ్చు. కాబట్టి క్రాష్ అయిన క్షణంలో కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే లినక్స్ మూల భాగం) ఏం చెప్పిందో మీ చేతిలో ఉండాలి. సిస్ కింద క్లాస్, దాని కింద పవర్ సప్లై ఫోల్డర్‌లో ఒక్కో బ్యాటరీకి యూఈవెంట్ అనే ఫైల్ ఉంటుంది. ఒక టెర్మినల్‌లో దాన్ని టైముతో సహా సెకనుకు పదిసార్లు రాసుకునే చిన్న లూప్ పెట్టండి, ఇంకోదాంట్లో కెర్నల్ పంపే పరికరాల కబుర్లు చూపే యూడెవ్‌ఏడీఎం మానిటర్ నడపండి. అప్పుడు చార్జర్ పీకండి, పెట్టండి.

ఆ రికార్డులో చూడాల్సినవి ఇవి. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఎనర్జీ (వాట్-అవర్) విలువలు ఇస్తాయి, కొన్ని చార్జ్ (ఆంపియర్-అవర్) విలువలు మాత్రమే ఇస్తాయి, కోడ్ ఒకదాన్నే నమ్ముకుందా చూడండి. స్టేటస్ కొద్దిసేపు అన్‌నోన్ అని రావచ్చు. ఫైల్ ఉన్నట్టే కనిపించినా చదవబోతే డివైస్ లేదనే ఎర్రర్ రావచ్చు. థింక్‌ప్యాడ్ టీ440 నుంచి టీ480 దాకా లోపల ఒకటి, బయట ఒకటి రెండు బ్యాటరీలు పెట్టుకోవచ్చు, బయటిది లాగేస్తే దాని ఫోల్డరే పోతుంది. విలువలు మైక్రో యూనిట్లలో ఉంటాయని కూడా మర్చిపోవద్దు. 4000 ఎంఏహెచ్ అంటే ఫైల్‌లో 4000000, ఎనర్జీ లెక్క కోసం దాన్ని 11100000 మైక్రోవోల్టులతో గుణిస్తే 32 బిట్ల సంఖ్యలో పట్టదు.

కారణం దొరికాక తొందరపడొద్దు, ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. చదవడం కుదరకపోతే సున్నా తిరిగి ఇచ్చేయ్ అని ఒక ఇఫ్ రాసేస్తారు, క్రాష్ ఆగుతుంది. కానీ సున్నా శాతం అంటే బ్యాటరీ అయిపోయిందని అర్థం. యూపవర్ మామూలు సెట్టింగుల్లో 2 శాతానికి దిగితే మెషీన్‌ను నిద్రపుచ్చే పనో ఆపేసే పనో మొదలుపెడుతుంది. అంటే 80 శాతం చార్జ్ ఉన్న ల్యాప్‌టాప్, ఎవరో ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తుండగా, కరెంటు పోగానే ఆరిపోతుంది. క్రాష్ కంటే ఇది ఘోరం. తెలియలేదు అనేదీ సున్నా అనేదీ కోడ్‌లో వేరువేరుగా ఉండాలి. తెలియకపోతే పాత విలువ ఉంచి కాసేపాగి మళ్లీ చదవాలి, ఫోల్డరే పోతే ఆ బ్యాటరీని జాబితాలోంచి తీసేయాలి. మీ ప్యాచ్ (కోడ్‌లో మీరు చేసిన మార్పు) పరీక్షించేటప్పుడు కూడా ఇదే ప్రమాదం, అందుకే ముందే సేవ్ చేయమన్నాను.

పరీక్ష కోసం చార్జర్ పిన్ను అరిగిపోయేలా పీకుతూ కూర్చోకండి. నకిలీ పరికరాలు తయారుచేసే యూమాక్‌డెవ్ అనే సాధనంలోని రికార్డ్ కమాండ్‌తో మీ బ్యాటరీ వివరాలు ఒక ఫైల్‌లోకి తీసుకుంటే నకిలీ బ్యాటరీతో అదే పరిస్థితి మళ్లీ సృష్టించవచ్చు, ఆ ల్యాప్‌టాప్ లేని డెవలపర్ కూడా చూడగలడు. యూపవర్ సొంత టెస్టులు కూడా యూమాక్‌డెవ్ మీదే నడుస్తాయి.

చివరగా బగ్ రిపోర్ట్ తప్పకుండా పెట్టండి. మన దగ్గర ఎండాకాలంలో కరెంటు టక్కున పోయి రెండు సెకన్లలో వస్తుంది, చార్జర్ ఈవెంట్లు ఒకదాని వెంట ఒకటి పడతాయి, ఎప్పుడూ కరెంటు ఉండే ఊళ్ల డెవలపర్లకు ఇది అంత తేలిగ్గా ఎదురుకాదు. బ్యాక్‌ట్రేస్, వెర్షన్, కెర్నల్ నంబర్, మీ యూఈవెంట్ రికార్డు జత చేయండి. ఆ రికార్డులో బ్యాటరీ సీరియల్ నంబర్ కూడా ఉంటుంది, పంపేముందు ఆ లైన్ చెరిపేయండి.