ఇంట్లో వాయించడానికి చిన్న ట్యూబ్ ఆంప్, పెద్ద ట్యూబ్ ఆంప్: సరిగ్గా పోల్చి చూడటం ఎలా?

ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్) కొనాలనుకునే ప్రతి గిటారిస్టూ అడిగే ప్రశ్న ఒకటే, ఇంట్లోకి 5 వాట్లు సరిపోతాయా, 50 కావాలా అని. సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి పద్ధతిగా విన్నవాళ్ళే తక్కువ. చిన్నదాన్ని 3 మీద, పెద్దదాన్ని కూడా 3 మీద పెట్టి, చెరో నాలుగు కార్డ్స్ కొట్టి, "పెద్దదాని సౌండే వేరు" అని తేల్చేస్తారు. వేరేమీ కాదు, అది ఎక్కువ మోగింది, అంతే. నేనూ ఇలాగే పడ్డాను. షాపులో విని మోజుపడి 100 వాట్ల హెడ్ (స్పీకర్ లేని ఆంప్ పెట్టె), నాలుగు స్పీకర్ల క్యాబినెట్ తెచ్చుకుని, ఏడాది పాటు దాని వాల్యూమ్ నాబ్‌ని ఒకటిన్నర దాటించలేక చివరికి అమ్మేశాను. అందుకే ఈ గోల.

కావలసినవి: పోల్చాల్సిన రెండు ఆంప్‌లు, మీ గిటార్, ఒక లూపర్ పెడల్ (వాయించిన ముక్కను రికార్డ్ చేసి మళ్ళీ మళ్ళీ వినిపించేది), డెసిబెల్స్ కొలిచే యాప్ ఉన్న ఫోన్, ఒక కుర్చీ, పెన్సిల్, పేపర్ టేప్. లూపర్ లేకపోతే అరువు తెచ్చుకోండి, అది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. చేత్తో రెండుసార్లు ఒకేలా వాయించగలం అనుకుంటాం గానీ, సౌండ్ నచ్చిన ఆంప్ దగ్గర చెయ్యి దానంతటదే ఊపందుకుంటుంది.

ఆన్ చేసే ముందు ఒక్క మాట. స్పీకర్ కలపకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) విడిగా ఉంటే దాని ఓమ్స్ (విద్యుత్ నిరోధం అంకె), ఆంప్ వెనక జాక్ మీద రాసిన ఓమ్స్ ఒకటేనా అని చూడండి. వెనక పలక విప్పి లోపల చెయ్యి పెట్టకండి. అక్కడ 300, 400 వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఛార్జ్ కాసేపు నిలిచే ఉంటుంది.

రెండు ఆంప్‌లనూ ఒకే ఎత్తున్న స్టూళ్ళ మీద పెట్టండి, గది మూలకు దూరంగా. మూలలో పెడితే బేస్ లేనిపోని ఉబ్బు తెచ్చుకుంటుంది. ఆన్ చేసి 10 నిమిషాలు వదిలేయండి. ఈలోపు లూపర్‌లో ఓ 20 సెకన్ల ముక్క రికార్డ్ చేయండి, సగం మెల్లగా మీటిన సింగిల్ నోట్స్, సగం గట్టిగా కొట్టిన కార్డ్స్. నెక్ పికప్‌తోనే (తీగల కింద గిటార్ మెడ వైపున్న పికప్). బ్రిడ్జ్ పికప్‌తో పోల్చేవాళ్ళని నేను నమ్మను.

తర్వాత టోన్. రెండిటికీ నాబ్‌లన్నీ 5 మీద పెడితే సమానం అయిపోయినట్టు కాదు. ఫెండర్ తరహా ఆంప్‌లో టోన్ నాబ్‌లు మధ్యలో ఉన్నా మిడ్స్ (మధ్య శ్రేణి స్వరాలు) తగ్గే ఉంటాయి, ఇంకో కంపెనీ దాంట్లో అలా ఉండవు. దేన్ని దానికి, మీ చెవికి బాగున్నచోట పెట్టండి. ఒక్కసారి పెట్టాక ఇక ముట్టుకోవద్దు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

అసలు పని ఇక్కడుంది: రెండిటి మోతనూ సమానం చేయడం. ఇక్కడే అందరూ చేతులెత్తేస్తారు, లేదా చెవితో సరిచూసుకుని అయిపోయిందనుకుంటారు. చెవిని నమ్మడానికి లేదు. ఒక ఆంప్ ఇంకోదానికంటే ఒక డెసిబెల్ ఎక్కువ మోగితే అది "ఎక్కువ మోగుతోంది" అని మనకు తెలియదు, "నిండుగా ఉంది", "ప్రాణం ఉంది" అనిపిస్తుంది. పైగా మెల్లగా విన్నప్పుడు మన చెవి బేస్‌నీ, కొసన ఉండే ట్రెబుల్‌నీ తక్కువగా పట్టుకుంటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అంటే మోత తగ్గిన ఆంప్ పలచగా వినబడటానికి కారణం సగం మన చెవే, పాపం ఆంప్‌ది కాదు.

మీరు కూర్చుని వాయించేచోట కుర్చీ వేసి, మీ చెవి ఎత్తులో ఫోన్ నిలబెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, ఒక జానెడు కదిలినా అంకె మారిపోతుంది. యాప్‌లో సి-వెయిటింగ్ (బేస్‌నీ లెక్కలో ఉంచే సెట్టింగ్), స్లో రెస్పాన్స్ పెట్టండి. చాలా యాప్‌లు ఎ-వెయిటింగ్‌తో తెరుచుకుంటాయి, అది బేస్‌ని లెక్కలోంచి చాలావరకు తీసేస్తుంది కాబట్టి పెద్ద స్పీకర్ ఉన్న ఆంప్ అక్కడ దొంగలా తప్పించుకుంటుంది. ఫోన్ చూపించే అంకె అసలు విలువకు కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, ఒకే ఫోన్, ఒకే చోటు కాబట్టి తేడా మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.

లూప్ తిప్పుతూ మొదట చిన్న ఆంప్‌ని మీరు ఇంట్లో నిజంగా వాయించే మోతకు తెచ్చుకోండి, 70 డెసిబెల్స్ అనుకుందాం. క్షణానికోసారి ఎగిరే అంకెను కాదు, రెండు మూడు లూపులు పూర్తిగా తిరిగాక కనబడే సగటును రాసుకోండి. లూప్ ఆపి, ఆంప్ వైపు ప్లగ్ తీసి రెండోదానికి పెట్టండి. రెండిటినీ కలిపే ఎబి బాక్స్ వద్దు, గ్రౌండ్ లూప్‌తో హమ్ మొదలైతే అదో తలనొప్పి. ఇప్పుడు పెద్ద ఆంప్‌ని అదే అంకెకు తేవాలి, సరిగ్గా ఇక్కడే చెమటలు పడతాయి. చాలా పెద్ద ఆంప్‌లలో నాబ్ 1 దగ్గర ఏమీ వినబడదు, వెంట్రుకవాసి తిప్పితే గోడలు అదురుతాయి. నాబ్ చుట్టూ పేపర్ టేప్ అంటించి, పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత మందంలోనే వేలి కొసతో తోస్తూ వెళ్ళండి. అర డెసిబెల్ తేడాలోకి వస్తే అదృష్టం, ఒకటి దాటితే మళ్ళీ మొదటికి రండి. నాకు ఒక్కోసారి దీనికే అరగంట పడుతుంది.

ఇంత చేశాక "కొంచెం బేస్ పెంచుదాం" అని టోన్ ముట్టుకున్నారో, పని అంతా మళ్ళీ మొదలు. బేస్ పెరిగితే మోతా పెరుగుతుంది. ముట్టుకోవద్దన్నది ఇందుకే. అంతగా మార్చాలనిపిస్తే మార్చండి, కానీ మళ్ళీ కొలవండి.

ఇప్పుడు వినండి. మొదటిసారి చేసినవాళ్ళు కాస్త నిరాశపడతారు, ఎందుకంటే అనుకున్నంత తేడా ఉండదు. లెక్క చూస్తే అర్థమవుతుంది. మామూలు గిటార్ స్పీకర్ ఒక్క వాట్‌కి మీటరు దూరంలో సుమారు 97 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తుంది. 100 ఇచ్చే స్పీకర్‌తో మీరు 70 దగ్గర వాయిస్తుంటే ఖర్చయ్యేది వాట్‌లో వెయ్యో వంతు. 5 వాట్ల ఆంప్‌కైనా 100 వాట్ల ఆంప్‌కైనా అది నిద్రలో ఒళ్ళు విరుచుకున్నంత పని. చిన్న ఆంప్ కొంటే ఇంట్లోనే పవర్ ట్యూబులని (స్పీకర్‌ని నడిపే ట్యూబులు) పూర్తిగా తోస్తే వచ్చే డిస్టార్షన్ సౌండ్ వస్తుందనేది అందుకే ఉత్త మాట. 5 వాట్లు పూర్తిగా తెరిస్తే 97 స్పీకర్‌తో కూడా 104 డెసిబెల్స్, అది ఇంట్లో వాయించే మోతేనా? మోత రెట్టింపు అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి, దాన్ని రెట్టింపు మాత్రమే చేసి 50 నుంచి 100కి వెళ్ళినా పెరిగేది 3 డెసిబెల్సే.

మరి వినబడిన ఆ కాస్త తేడా ఎక్కడిది? చాలావరకు స్పీకర్‌దీ పెట్టెదీ. పాత ఫెండర్ చాంప్‌లో 8 ఇంచుల స్పీకర్, ట్విన్ రివర్బ్‌లో 12 ఇంచులవి రెండు, వాట్ల సంగతి పక్కన పెట్టినా ఇవి ఒకేలా ఎలా మోగుతాయి? అందుకే వీలుంటే చిన్న ఆంప్‌ని పెద్ద క్యాబినెట్‌కి కలిపి (ఓమ్స్ చూసుకుని, ఆంప్ ఆఫ్‌లో ఉన్నప్పుడే) మళ్ళీ కొలిచి వినండి. డబ్బాలో పాడినట్టున్నది ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. 10 ఇంచుల కంటే చిన్న స్పీకర్ ఉన్న ఆంప్ నేనైతే ఇంట్లోకి రానివ్వను.

రెండో విషయం నాబ్. ఇందాక వెంట్రుకవాసి తిప్పడానికి పడ్డ కష్టాన్ని గుర్తుపెట్టుకోండి, ఆ ఆంప్ కొంటే రోజూ పడాల్సింది అదే. మంచి మాస్టర్ వాల్యూమ్ (మొత్తం మోతను విడిగా తగ్గించే నాబ్) ఉన్న పెద్ద ఆంప్ అయితే ఈ బాధ తగ్గుతుంది, ప్రీఆంప్‌లోని (సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) 12ఎఎక్స్7 ట్యూబుల డిస్టార్షన్ తక్కువ మోతలోనూ దొరుకుతుంది. మాస్టర్ లేని పెద్ద ఆంప్ ఇంటికి వద్దే వద్దు. అటెన్యుయేటర్ (స్పీకర్‌కి వెళ్ళే పవర్‌ని తగ్గించే పెట్టె) పెట్టుకుంటాను అంటారు కొందరు. పెట్టుకోండి, కానీ దాని వాట్లు ఆంప్ వాట్ల కంటే ఎక్కువుండాలి, ఓమ్స్ కలవాలి, పవర్ ట్యూబులు పూర్తి కష్టం పడుతూనే ఉంటాయి కాబట్టి త్వరగా అరుగుతాయి. ఆ డబ్బుతో మంచి క్యాబినెట్ కొనడం మేలు.

చివరగా, కళ్ళు మూసుకుని వినండి. ఇంకొకరిని పిలిచి, ప్రతిసారీ రెండిటినీ వాళ్ళకు నచ్చిన వరుసలో ప్లగ్ మార్చి వినిపించి, ఆ వరుస రాసుకోమనండి, మీరు మొదటిది నచ్చిందో రెండోది నచ్చిందో మాత్రం కాగితం మీద రాయండి. కనీసం పదిసార్లు. ఆ తర్వాత రాసినవి చూసుకోండి. ఒకదానికి ఎనిమిదో తొమ్మిదో పడితే అది కొనండి, చెరి సగం పడితే బరువు తక్కువున్నది కొనండి. ట్విన్ రివర్బ్ సుమారు 29 కిలోలు ఉంటుంది, ఒక్కరే మెట్లెక్కించి చూస్తే తెలుస్తుంది.