ఊరి బందకు సర్కారు డబ్బు ఎక్కడ ఆగుతోంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు మా పల్లెల్లో చిన్న చెరువుని బంద అంటాం. మా యువజన సంఘం కొన్నేళ్లుగా బందలు, గెడ్డ (వాగు) గట్లు, ఉప్పుటేటి ఒడ్డున మొక్కలు అంటూ ప్రభుత్వ నిధుల కోసం తిరుగుతోంది. ఇప్పుడు విజయనగరం వైపు ఊళ్ల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరి మాటా ఒకటే: "అర్జీ పెట్టాం, ఆగిపోయింది." డబ్బు లేక ఆగిన ఫైళ్లు నేను చూసినవి తక్కువే. నేల మీద ఉన్నది ఒకటి, కాగితంలో ఉన్నది మరొకటి కావడం వల్ల ఆగినవే ఎక్కువ. మీ ఇబ్బంది కింద వాటిలో ఏదో చూసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఏ ఆఫీసుకెళ్లినా "ఇది మాది కాదు" అంటున్నారు

కారణం మన అర్జీలోనే ఉంటుంది. పూడిక, మొక్కలు, పక్షులు, మదుము (తూము) మరమ్మతు, కంచె అన్నీ కలిపి ఒకే ప్రాజెక్టుగా రాస్తాం. సర్కారు పద్దుల్లో ప్రకృతి మొత్తానికి కలిపి ఒక ఖాతా లేదు, పనిని బట్టి శాఖ మారుతుంది.

కాబట్టి అర్జీని ముక్కలు చేయండి. పూడిక తీత, గట్టు, గట్టు మీద మొక్కలు ఉపాధి హామీ పనులు. వాటికి గ్రామసభ తీర్మానంతో ఎంపీడీఓ ఆఫీసు నుంచి కదలాలి. మదుము, అలుగు దెబ్బతింటే చిన్ననీటి పారుదల వాళ్ల దగ్గరికి వెళ్లాలి. కొండవాలులో నీటిని ఆపే పనులకు నాబార్డ్ వాటర్‌షెడ్ నిధులు ఉన్నాయి. తీరంలో మడ మొక్కలకు 2023 జూన్ 5న మొదలైన మిష్టి పథకం ఉంది, అది నడిచేది అటవీ శాఖ ద్వారా. అడవి భూమిని వేరే పనులకు తీసుకున్నవాళ్లు బదులుగా కట్టే డబ్బుతో ఏర్పడిన కాంపా నిధి గురించి చాలామంది అడుగుతారు. 2016 చట్టం ప్రకారం ఆ డబ్బులో 90 శాతం రాష్ట్రాలదే, కానీ అది అటవీ శాఖ వార్షిక ప్రణాళికలో చేరిన పనులకే ఖర్చవుతుంది. మన సంఘం ఖాతాలో పడదు. మనం చేయగలిగింది, ప్రణాళిక తయారయ్యే ముందే రేంజ్ ఆఫీసులో మన చోటు పేరు చెప్పి రావడం.

"మీ బంద చిన్నది" అన్నారు, లేదా "ఇది చిత్తడి నేల కిందకు రాదు" అన్నారు

రెండూ నిజమే కావచ్చు. 2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత్ సరోవర్ చెరువుల పథకానికి కనీసం ఎకరం విస్తీర్ణం, 10,000 ఘనపు మీటర్ల నీరు పట్టే లోతు కావాలి. మన బందలు చాలావాటికి అంత లేదు. అవి మామూలు ఉపాధి హామీ పనిగానే వెళ్లాలి.

రెండోది ఇంకాస్త మెలిక. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువుల్ని చిత్తడి నేలగా లెక్కపెట్టరు. చేపల చెరువులు, ఉప్పుమళ్లకూ అదే వర్తిస్తుంది. ఎన్ని వందల కొంగలు వాలినా ఆయకట్టు ఉన్న చెరువుకు ఆ దారి మూసుకున్నట్టే. పైగా చిత్తడి నేలలకు ఉన్న జల పర్యావరణ జాతీయ ప్రణాళిక కింద డబ్బు కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున వేసేది. ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వమే పంపాలి. పంచాయతీ నేరుగా ఢిల్లీకి రాసిన ఉత్తరం వల్ల ఏమీ కదలదు.

"భూమి వివరాలు సరిపోలేదు" అని వెనక్కి వచ్చింది

ఎక్కువ ఊళ్లు చిక్కుకునేది ఇక్కడే. మా మొదటి అర్జీ కూడా ఇలాగే తిరిగొచ్చింది. ఊళ్లో అందరూ బంద అనే చోటు అడంగల్‌లో (ఊరి భూముల సర్కారు లెక్కలో) రెండు సబ్‌డివిజన్లుగా ఉంది. ఒకటి చెరువు పోరంబోకు, అంటే సర్కారు భూమి. రెండోది, సరిగ్గా చింతచెట్టున్న తూర్పు గట్టు, ఎవరిదో పట్టా భూమిలో కలిసి ఉంది. మేం అర్జీలో సబ్‌డివిజన్ రాయకుండా సర్వే నంబరు ఒక్కటే వేశాం. చూసినవాళ్లకు అది ప్రైవేటు భూమిలో సర్కారు పనిలా కనబడింది. తిప్పి పంపడంలో వాళ్ల తప్పేమీ లేదు.

అర్జీ రాయకముందే ఇవి చేతిలో పెట్టుకోండి. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే పత్రం). తర్వాత ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే కొలతలతో ఉన్న పటం. ఇవి చాలకపోతే పాత రికార్డు అడగాలి. మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత అలాంటి ఊళ్లకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారైంది, అదే మూలం. ఇప్పటి కంప్యూటర్ అడంగల్‌లో తర్వాత ఎక్కిన తప్పు ఉంటే అక్కడ బయటపడుతుంది. తహసీల్దారు ఆఫీసులో నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

నకళ్లు వచ్చాక గ్రామ సర్వేయర్‌ని రప్పించి, ఎఫ్‌ఎంబీ చేత్తో పట్టుకుని గట్టు చుట్టూ నడవండి. మేం నడిచిన రోజున పటంలో ఉన్న ఒక రాయి మొగలి పొదల్లో మట్టి కింద దొరికింది. ఆ రాయి దగ్గర నుంచి కొలిస్తే గట్టులో సగానికి పైగా పోరంబోకులోనే తేలింది. చింతచెట్టు కూడా అందులోనే ఉంది.

ఆక్రమణ ఉంటే దాన్ని దాచిపెట్టి అర్జీ పెట్టకండి. సంతకం అయ్యాక బయటపడితే ఫైలు పూర్తిగా పడుకుంటుంది. 1905 భూ ఆక్రమణల చట్టం కింద చర్య తీసుకునే అధికారం తహసీల్దారుది. ముందు ఆయనకు రాసి, ఆక్రమణ లేని ముక్క మేరకే పని అడగండి. ఊళ్లో తగవు పెరగకుండా ఉండాలంటే ఆక్రమించిన రైతుతో ముందు మాట్లాడటం మంచిది. మా దగ్గర ఆ రైతు బావగారే కొలతల రోజున టేపు రెండో చివర పట్టుకున్నారు.

సంఘం కాగితాలు తిరస్కరించారు

రిజిస్ట్రేషన్ పత్రంలో "యువజన సేవా సంఘం", పాన్‌లో "యువజన సంఘం", బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. పేరులో ఒక్క మాట తేడా ఉన్నా పోర్టల్ ఒప్పుకోదు. మూడూ ఒకటి చేయించాకే స్వచ్ఛంద సంస్థల పోర్టల్ అయిన నీతి ఆయోగ్ దర్పణ్‌లో నమోదు చేయండి. 2001 సొసైటీల చట్టం కింద ఏటా కార్యవర్గ జాబితా దాఖలు చేయాలి, అది మానేసిన సంఘాలు చాలా ఉన్నాయి. కొత్త సంఘమైతే, ఆడిట్ లెక్కలు చూపే స్థితి వచ్చేదాకా పంచాయతీ పేరు మీదే పని అడగడం తేలిక. పేరు మనది కాకపోయినా నీళ్లు నిలిచేది మన బందలోనే కదా.

"ఇక్కడ కాపాడాల్సింది ఏముందని రుజువు?"

2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టేసరికి దేశమంతటా ఇవి హడావుడిగా తయారయ్యాయి. మీ ఊరి పేరున రిజిస్టర్ ఉండీ మీకు తెలియకపోవచ్చు. పంచాయతీ కార్యదర్శిని అడిగి తీసుకుని చదవండి. మీ బంద, గట్టు మీది చెట్లు, వచ్చే పక్షులు అందులో లేకపోతే చేర్చమని కమిటీకి రాసివ్వండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి రాసుకుంటే ఒక్క సాయంత్రంలో ఎంత చెబుతారో. ఆ పేజీ నకలు అర్జీకి జత చేస్తే ఫొటోల కన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అది చట్టం చెప్పిన కాగితం.

అర్జీ ఇచ్చాం, నెలలైనా జవాబు లేదు

రసీదు లేకుండా ఇచ్చి ఉంటారు. మళ్లీ ఇవ్వండి, ఈసారి తేదీ, ముద్ర వేయించుకోండి. తర్వాత సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద "ఫలానా తేదీ అర్జీ ఇప్పుడు ఏ సీటులో ఉంది" అని ఒక్క ప్రశ్న అడగండి. 30 రోజుల్లో చెప్పాలి.

మొదటి విడత వచ్చింది, రెండోది రావట్లేదు

ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం ఇవ్వలేదు, లేదా తప్పుగా ఇచ్చారు. కేంద్ర గ్రాంటైతే 2017 ఆర్థిక నిబంధనల ప్రకారం జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల లోపు ఇవ్వాలి. మనవాళ్లు చేసే తప్పులు రెండు. కంచెకు ఇచ్చిన డబ్బుతో మొక్కలు కొనడం ఒకటి. ఉద్దేశం మంచిదే అయినా అనుమతి లేకుండా పద్దు మార్చకూడదు. రెండోది ఖాతాలో పడిన వడ్డీని మరిచిపోవడం. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మనది కాదు, లెక్క చూపి వెనక్కి కట్టాలి. గ్రాంటుకు వేరే ఖాతా తెరిస్తే ఈ టెన్షన్ సగం ఉండదు.

పని పూర్తయింది, బిల్లు వచ్చింది, పక్షులు మాత్రం రావడం మానేశాయి

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది, ఎందుకంటే ఇందులో కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి.

కారణం అంచనా పత్రంలో ఉంటుంది. బందను అంచు నుంచి అంచు దాకా ఒకే లోతుకు, నిటారు ఒడ్డుతో తవ్వుతారు. కొంగకు కావలసింది మోకాలి లోతు కూడా లేని నీళ్లు. నత్తలు, చిన్న చేపలు దొరికేది ఆ వాలులోనే. పని సౌకర్యం కోసం గట్టు మీది ముదురు చెట్లు కొట్టేస్తారు. మా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలూ ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇళ్ల పక్కన రెట్ట వాసన భరిస్తూ ఆ ఊళ్లవాళ్లు వాటిని కాపాడుకుంటున్నారు. చెట్టు పోతే, లోతు ఎంత బాగున్నా పిట్ట దిగదు.

పరిష్కారం ఎస్టిమేట్ వేసే రోజునే చేయాలి. కనీసం ఒక వైపు ఒడ్డు వాలుగా వదలాలని, మధ్యలో చిన్న దిబ్బ ఉంచాలని, ఫలానా చెట్లు ముట్టకూడదని రాయించండి. గూళ్లున్న చెట్ల కింద పిల్లలు ఎగిరేదాకా పని పెట్టకండి. మొక్కలు తొలకరిలో నాటి, మేకలు తినకుండా కాపలా కూలీని కూడా అంచనాలోనే చేర్చండి. తీరం ఊళ్లకు ఇంకో మాట. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి, కాబట్టి ఆ నెలకు ముందే మొక్కలకు ఊతకర్రలు కట్టాలి.

మా రెండో ఎస్టిమేట్ చదివి వినిపించినప్పుడు గట్టు మీద కూర్చున్న తాత ఒకాయన మధ్యలో ఆపి, "ఆ సెట్టు నీ కాయితంల నేదేటి బాబూ?" అన్నాడు. లేదు. అప్పటికప్పుడు ఇంజినీరుగారిని అడిగి, కొలతల పట్టిక కింద చేత్తో ఒక లైను రాయించాం: తూర్పు గట్టు మీది చింతచెట్టు చుట్టూ నాలుగు మీటర్ల మేర మట్టి తీయరాదు.