సంఘంలో మాటామాటా వస్తే ముందు ఒక్కరే వెళ్ళండి

చర్చిలో క్వయర్ (పాటల బృందం) ప్రాక్టీసులో ఒక మాట తూలుతుంది. రాత్రికి అది వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది, ఆదివారానికి సంఘం రెండు జట్లవుతుంది. బైబిల్లో మత్తయి సువార్త 18:15–17లో చెప్పిన వరుస తప్పకపోతే చాలా గొడవలు మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి.

రెండు మూడు రోజుల్లోపు మిమ్మల్ని నొప్పించిన మనిషికి ఫోన్ చేసి, "అన్నా, ఒక పావుగంట మాట్లాడాలి, ఇంటికి రానా?" అని అడగండి. ఆరాధన అయ్యాక గేటు దగ్గర వద్దు, నలుగురు చూస్తుంటే ఎవరూ తగ్గరు. వెళ్ళాక ఒక్క సంగతే ఎత్తండి: "బుధవారం అందరి ముందు నా పాట ఆపేశారు, మనసు నొచ్చుకుంది." "మీరెప్పుడూ ఇంతే" అన్నారా, పదేళ్ళ పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. తర్వాత మధ్యలో అడ్డుపడకుండా వినండి (కష్టమంతా ఇక్కడే). చివర్లో ప్రార్థన రెండు మాటలు చాలు. "ప్రభువా, ఈ సహోదరుడి గర్వం తీసెయ్యి" అని మొదలుపెడితే మళ్ళీ మొదటికొస్తుంది.

కుదరకపోతే ఇద్దరూ గౌరవించే ఒకరిద్దరిని తీసుకెళ్ళండి, మీ బావమరిదిని మాత్రం కాదు. ఆ తర్వాతే సంఘం ముందుకు. ఈలోపు 'ప్రార్థన మనవి' అంటూ ఊరంతా చెప్పకండి.

కొట్టడం, బెదిరించడం, లైంగిక వేధింపు ఉన్నచోట ఈ పద్ధతి వాడొద్దు. ఒంటరిగా వెళ్ళడమే ప్రమాదం. పిల్లలపై లైంగిక వేధింపు అయితే, పిల్లల్ని అలాంటి నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.