ఏటీవీ ఇంజిన్‌కి చల్లగాలి అందాలంటే

చిన్న ఏటీవీలో (రోడ్డు లేని దారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) అంతా ఇరుకు. సైలెన్సర్ పైపు, రేడియేటర్, ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) పక్కపక్కనే ఉంటాయి. ఇంజిన్ పీల్చే గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. పవర్ తగ్గుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకుని టకటకమనడం) భయం పెరుగుతుంది.

ఏ పార్టూ కొనకముందే కొలవమంటాను. ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ తీసుకుని, ప్రోబ్‌ని ఎయిర్‌బాక్స్‌లో ఫిల్టర్‌కి బయటి వైపునే గట్టిగా బిగించండి. లోపలి వైపు పెడితే, ఊడినప్పుడు నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. నెమ్మదిగా ఎక్కే దారిలో నడిపి, బయటి గాలికీ దీనికీ తేడా చూడండి.

తేడా ఎక్కువుంటే నేను మొదట చూసేది ఎయిర్‌బాక్స్ మూత రబ్బరు సీలు. అది ఎండి పగిలితే ఇంజిన్ పక్కనున్న వేడిగాలి అక్కడి నుంచే దూరుతుంది, దుమ్ము కూడా. తర్వాత గాలి తీసుకునే గొట్టం మూతిని రేడియేటర్ ఫ్యాన్ విసిరే గాలికి దూరంగా, వీలైనంత ఎత్తుకి మార్చండి. నీళ్లు దాటేటప్పుడూ అదే మంచిది. గొట్టం వ్యాసం మాత్రం తగ్గించొద్దు.

సైలెన్సర్ పైపుకీ ఎయిర్‌బాక్స్‌కీ మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి. రెండింటికీ తగలకుండా ఖాళీ ఉండాలి, తగిలితే రేకే వేడిని మోసుకొస్తుంది. పైపుకి హీట్ ర్యాప్ (వేడిని ఆపే పట్టీ) చుట్టొచ్చు కానీ, బురదలో తిరిగే బండికి నాకది నచ్చదు: తడి పట్టి ఉంచి పైపుకి తుప్పు పట్టిస్తుంది.

రేడియేటర్ రెక్కల్లో బురదని సన్నటి నీటి ధారతో వెనక నుంచి కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగిపోతాయి.